మరి సింహానికి ఏ నీళ్ళు?

మా ఇంట్లో ఒక సింహం ఉన్నది. ఎవరూ భయపడవలసిన పని లేదు. అది ఊరకుక్క పిల్ల. నిరుడు ముసురు పట్టిన రోజుల్లో మా అమ్మాయి బడి నుంచి వస్తూ, పుస్తకాలు చంకన పెట్టుకుని, సంచిలో దీన్ని పెట్టుకుని వచ్చింది. పుస్తకాలు తడిసి ముద్దయినవి. కుక్కపిల్ల మీద చినుకు పడలేదు. తెలుగు చెప్పుకుని బతికే తండ్రి కూతురికి పుస్తకాల మీద ఉన్న మక్కువ అంత!

"రెండు రోజులుంచుకుని ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నది మా ఆవిడ. ఆ రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

పేరు పెట్టినవాడు మా చిన్నవాడు. వాడికి నాలుగున్నరేళ్ళు. "ఇది కుక్క కాదు, సింహం" అని తీర్పు చెప్పాడు. సింహానికి అప్పుడు నిండా రెండు నెలలు ఉండవు. పిల్లి ఎదురైతే మా అమ్మ చీర కుచ్చెళ్ళలో దూరేది. అయినా పేరుకు మర్యాద ఇయ్యాలి గదా అని ఇంటిల్లిపాదీ దాన్ని సింహమనే పిలుస్తున్నాము.

మాది నల్లగొండ పట్నంలో చిన్న ఇల్లు. వెనక పెరడు ఉన్నది. ఒక మునగచెట్టు, ఒక జామ, ఒక నిమ్మ, కరివేప, చిక్కుడు పందిరి. దాని పక్కన తోటకూర, పాలకూర, గోంగూర మళ్ళు. గోడ మీద పిచ్చుకలకని ఒక మట్టి మూకుడు. ఈ రాజ్యానికి రాణి మా ఆవిడ, మంత్రి మా అమ్మ. నేను నీళ్ళు పెట్టే నౌకరును. పిల్లలిద్దరికీ చెరొక మడి ఉన్నది. అమ్మాయి మడిలో బంతి పూస్తుంది. చిన్నవాడి మడిలో ఏదీ మొలవదు. వాడు సాయంత్రం చిక్కుడు గింజ పాతుతాడు, పొద్దున్నే వేరు వచ్చిందో లేదో చూడటానికి పెరికి చూస్తాడు. వాడు మరచిపోయిన గింజను సింహం తవ్వి తీస్తుంది. వ్యవసాయంలో ఇద్దరూ భాగస్వాములు.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం బోరు మోటారు వేసి, జామచెట్టు మొదట్లో పైపు పెట్టి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పైపు మా చిన్నవాడి చేతిలో ఉన్నది. ధార ఒక పక్కనుంచి వాడు తాగుతున్నాడు, రెండో పక్కనుంచి సింహం తాగుతున్నది. ఇద్దరికీ సమాన వాటా.

నేను పరుగెత్తి పైపు లాక్కున్నాను. అంత కోపం నాకు సాధారణంగా రాదు. వాడు బిత్తరపోయి, "సింహం తాగింది కద నాన్నా!" అన్నాడు.

అప్పటికి మా అమ్మాయి వచ్చి నిలబడ్డది. దానికి ఎనిమిదేళ్ళు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుందనీ, తాగితే పళ్ళూ ఎముకలూ పాడవుతాయనీ బడిలో చెప్పారట. నల్లగొండ పిల్లలకు ఇది ఎక్కాలతో పాటు వచ్చే పాఠం. అది నెమ్మదిగా అడిగింది:

"నాన్నా, మనకు కృష్ణ నీళ్ళు. చెట్లకు బోరు నీళ్ళు. మరి సింహానికి ఏ నీళ్ళు?"

పద్ధెనిమిదేళ్ళుగా కళాశాలలో సంధులూ సమాసాలూ చెబుతున్నాను. ఈ ప్రశ్నకు ఏ సూత్రంలోనూ జవాబు దొరకలేదు. ఎందుకంటే, సింహానికి గిన్నెలో నీళ్ళు పోసేది నేనే. పోసేది పెరట్లో బోరు నీళ్ళే.

నవ్వని ఫోటో

నా కోపానికి కారణం చెప్పాలంటే నా పళ్ళ సంగతి చెప్పాలి.

మా సొంత ఊరు మర్రిగూడ వైపు ఒక పల్లె. నా చిన్నతనంలో ఊరి నడుమ బోరింగు ఉండేది. దాని పిడి పట్టుకుని వేలాడి నీళ్ళు కొట్టడం మాకు ఆట. బోరింగు వచ్చిందని ఊరంతా సంబరపడ్డారట. అది న్యాయమే. అంతకు ముందు దిగుడు బావుల నీళ్ళు తాగి కాళ్ళలో నారిపురుగు తెచ్చుకున్నవాళ్ళు దేశంలో ఎన్ని పల్లెల్లోనో ఉండేవారు. 2000 సంవత్సరంలో భారతదేశం ఆ పురుగు నుంచి విముక్తమైందంటే, దానికి మూత ఉన్న బోరింగులు కూడా ఒక కారణం. పైనున్న పురుగును తప్పించుకుందామని కిందికి తవ్వాము. కింద రాయి ఉన్నది. రాతిలో ఫ్లోరైడు ఉన్నది.

మా తరగతి పిల్లలందరి పళ్ళ మీదా పసుపు, గోధుమరంగు అడ్డచారలు ఉండేవి. అందరికీ ఉన్నవి గనుక పళ్ళంటే అలాగే ఉంటాయనుకున్నాము. నేను పై చదువుకు హైదరాబాదు వెళ్ళిన మొదటి వారంలో హాస్టలు మిత్రుడొకడు "పళ్ళు తోముకోవా?" అని నవ్వుతూ అడిగాడు. వాడికి చెడ్డ ఉద్దేశం లేదు. నేను మాత్రం ఆ రోజునుంచి నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాను. నా ఎమ్మే తరగతి గ్రూపు ఫోటోలో అందరూ నవ్వుతున్నారు. నేనొక్కణ్ణే తత్త్వవేత్తలా ఉన్నాను. మా పెండ్లి ఫోటోలలోనూ అంతే. పిల్లకు నచ్చలేదేమోనని మా అత్తగారు చాలాకాలం బెంగపడ్డారట.

ఇది నాకు పళ్ళతో పోయింది. మా అమ్మకు మోకాళ్ళతో, మెడతో వచ్చింది. ఆమె వెనక్కి చూడాలంటే మనిషంతా తిరగాలి. మా ప్రాంతంలో కాళ్ళు వంకరపోయి, నడుము వంగి, పాతికేళ్ళకే కర్ర పట్టినవారిని నేను చూచాను. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి, ఈ జబ్బు వంచిన దేహంతోనే ఊరూరా తిరిగి మంచినీళ్ళ కోసం ఏళ్ళ తరబడి మాట్లాడి, 2023 జనవరిలో కన్నుమూశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. వారిలో చాలామంది గెలవాలని నిలబడలేదు. మా నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని నిలబడ్డారు.

ఇంకొక సంగతి తల్లిదండ్రులందరూ తెలుసుకోవాలి. పంటి మీద చారలు పెద్దయినాక తాగిన నీళ్ళవల్ల రావు. అసలు పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యేటప్పుడే, అంటే పుట్టింది మొదలు దాదాపు ఎనిమిదేళ్ళ లోపున తాగిన నీళ్ళవల్ల వస్తాయి. పన్ను బయటపడే వేళకు తీర్పు అయిపోయి ఉంటుంది. మా అమ్మాయికి ఏడో ఏట ముందు పళ్ళు వచ్చినప్పుడు, దాన్ని గడప దగ్గర వెలుగులో నిలబెట్టి, నేనూ మా ఆవిడా మా అమ్మా వంతులవారీగా చూచాము. తెల్లగా ఉన్నవి. మా అమ్మ ఏమీ అనకుండా దాని నోట్లో ఇంత బెల్లం పెట్టింది. చిన్నవాడికి ఇంకా ఆ పళ్ళు రాలేదు. అవి చిగుళ్ళ లోపల ఇప్పుడే తయారవుతున్నవి. అందుకే ఆ పైపు లాక్కున్నాను.

రాతి నుంచి నోటికి

ఈ చారల రహస్యం తేలడానికి ప్రపంచానికి ముప్ఫయి ఏళ్ళు పట్టింది. 1901లో అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో కొలువు పెట్టి, అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు చూచి ఆశ్చర్యపోయాడు. నీళ్ళలోనే ఏదో ఉన్నదని అనుమానించాడు గాని, ఏమున్నదో పట్టుకోలేకపోయాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ ఏదో ఫ్లోరైడు అని తేల్చాడు. వింత ఏమంటే, అది చాలా కొద్దిగా ఉంటే పంటికి మేలే చేస్తుంది. పాళ్ళు మించితేనే చేటు. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము దాకా ఉంటే మంచిదనీ, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం.

మన తెలుగునాట ఇది ముందు బయటపడ్డది నెల్లూరు జిల్లాలో. 1937లో వైద్యులు మనుషులలో దీన్ని గుర్తించి లోకానికి ప్రకటించారు. తరవాతి కాలంలో ఆ ఊళ్ళు చాలావరకు ప్రకాశం జిల్లా కిందికి వచ్చినవి. అయితే వైద్యుల కన్న ముందే రైతులు గుర్తించారని చెబుతారు. వారు గుర్తించింది మనుషులలో కాదు, ఎడ్లలో. కాడి కట్టిన ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు వెయ్యలేకపోయినవట. కొన్నేళ్ళకు అదే బిగువు మనుషులకూ వచ్చింది.

మా నల్లగొండ నేల కింద ఉన్నది నల్లరాయి, ఎర్రరాయి. శాస్త్రజ్ఞులు గ్రానైటు అంటారు. ఆ రాతిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే మెట్ట ప్రాంతం ఇది. చెరువులు ఎండి, బోర్లు లోతైన కొద్దీ, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన పాతనీరు పైకి వస్తుంది. ఎంతకాలం రాతిని ఒరుసుకుని ఉంటే అంత ఫ్లోరైడు అందులో కరుగుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచిలో తేడా తెలియదు. కొబ్బరి నీళ్ళవలె తేటగా ఉంటుంది.

మా ఊరి పేరు మీద ఒక వైద్యం కూడా ఉన్నది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వారు సున్నం, పటిక, బ్లీచింగు పొడి నీటిలో కలిపి, తేరనిచ్చి, వడకట్టి ఫ్లోరైడును తగ్గించే పద్ధతి ఒకటి రూపొందించారు. దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు. టాంజానియా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాల పల్లెలలో కూడా ఈ పేరు తెలుసు. ఊరికి ఖ్యాతి ఎన్నో విధాల వస్తుంది. మాకు ఈ విధంగా వచ్చింది. పటిక పాళ్ళు తప్పకుండా, అడుగున తేరిన మడ్డిని జాగ్రత్తగా పారబోస్తూ, రోజూ చెయ్యవలసిన పని గనుక ఇంటింటా నిలవలేదు.

అసలు మందు, రాతిని తాకని నీళ్ళు తెచ్చుకోవడమే. 2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. కృష్ణ, గోదావరి నీళ్ళను శుద్ధి చేసి పైపులలో ఊరూరికీ పంపే పథకం. మా వైపుకు కృష్ణ వచ్చింది. మా పానగల్లు ఉదయసముద్రం, ఏనాటి పాత చెరువో, ఇప్పుడు కృష్ణ నీళ్ళతో నిండుతున్నది. సెలవునాడు పిల్లలను తీసుకుని కట్ట మీదికి వెళితే, మా అమ్మ ఆ నీళ్ళకు దండం పెడుతుంది. పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను.

నాలుగు రోజుల కరువు

ఇక సింహం సంగతికి వస్తాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి మళ్ళీ అదే ప్రశ్న వేసింది. మా అమ్మ వినీ వినగానే చెయ్యి తిప్పింది.

"కుక్కకు కృష్ణమ్మ నీళ్ళా? బాగనే ఉన్నది. మేం మనుషులమే గా నీళ్ళు తాగి బతకలేదా బిడ్డా?"

"నీ మెడ తిరగదు కద నానమ్మా?" అన్నది అమ్మాయి.

దానికి మా అమ్మ జవాబు చెప్పలేదు. మజ్జిగ పోసుకుని లేచింది. మా ఆవిడ నావైపు చూచింది. నేను మజ్జిగ చెంబు వైపు చూచాను. మరునాటినుంచి అమ్మాయి తానే సింహం గిన్నెలో మంచినీళ్ళు పోయడం మొదలుపెట్టింది. మూడు నెలల కుక్కపిల్ల ఎంత తాగుతుంది? రోజుకు ఒక చెంబు కూడా కాదు. నల్లా వస్తున్నన్నాళ్ళు ఎవరమూ అడ్డు చెప్పలేదు.

దీపావళి దాటిన వారానికి ఎక్కడో పెద్ద పైపు పగిలింది. నాలుగు రోజులు నల్లా రాలేదు. మొదటి రోజు రంజన్‌లో నీళ్ళు సరిపోయినవి. రెండో రోజు ఒక బిందె మిగిలింది. క్యాను నీళ్ళు కొందామంటే వీధి వీధంతా ఆ క్యానుల మీదనే పడ్డది. మూడోనాటికి మా ఆవిడ బిందె మీద మూత పెట్టి, మూత మీద గ్లాసు బోర్లించి, "అడిగి తాగాలి" అని శాసనం చేసింది. పెరట్లో మాత్రం బోరు మోటారు మీట నొక్కితే చాలు, తొడ లావు ధార. మా ఇంటి కరువు అటువంటిది: నీళ్ళ నడుమ నీళ్ళు లేకపోవడం.

ఆ సాయంత్రం మా అమ్మ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నది. అమ్మాయి తన గ్లాసు నీళ్ళు తెచ్చుకుని, సగం తాగి, చుట్టూ చూచి, మిగతా సగం సింహం గిన్నెలో పోసింది. ఎవరూ చూడలేదనుకున్నది. మా అమ్మ చూచింది. చిన్నవాడూ చూచాడు. వాడు వెంటనే తన గ్లాసు తెచ్చి, అందులో మిగిలిన గుక్కెడూ పోశాడు.

మా అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి తనలో తాను చెప్పుకున్నట్టుగా చెప్పింది:

"మా నాయినకు ఎడ్ల జత ఉండె. ఎలపటి దాన్ని ఎర్రోడా అని పిలిచేటోళ్ళం. ముసలిది కాదు. ఒకనాడు సాలు నడుమ మోకాళ్ళు పట్టుకుపోయి కూలబడ్డది. కొడితే లేవలే. గాలి సోకిందన్నరు, వాతలు పెట్టిన్రు. దాని కండ్ల నీళ్ళు కారినయ్ గాని లేవలే. మా నాయిన ఏడ్చుకుంట అంగట్ల అమ్మిండు. మూడేండ్లు పోయినంక మా నాయినకే మోకాళ్ళు పట్టుకున్నయ్. ఎద్దూ ఆయనా ఒక్క బావి నీళ్ళే తాగేటోళ్ళు. అప్పుడు మాకు ఎర్కలేదు."

ఇన్నేళ్ళలో మా తాత మోకాళ్ళ సంగతి విన్నాను గాని, ఎర్రోడి సంగతి ఎన్నడూ వినలేదు. నెల్లూరు రైతుల ఎడ్ల సంగతి నేను పుస్తకంలో చదివి గొప్పగా చెప్పుకున్నాను. మా ఇంటి ఎద్దు అదే మాట మా తాతకు చెబితే మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు. ఎవరికి వినపడుతుంది? అంగట్లో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు. ఎన్ని పళ్ళో చూస్తాడు గాని, ఏ రంగో చూడడు.

ఆవుకు, మేకకు, కుక్కకు కూడా ఎముకలూ పళ్ళే గదా. ఎముక ఎవరిదైనా ఫ్లోరైడు ఒకే తీరున పట్టుకుంటుంది. పసిపిల్లకూ పశువుకూ ఒక పోలిక ఉన్నది. ఎదుట ఏ నీళ్ళు ఉంటే ఆ నీళ్ళు తాగుతారు. ఎంచుకునే తెలివి మనది, తాగే నోరు వారిది. నా చిన్నవాడికీ సింహానికీ ఆ పైపు దగ్గర తేడా లేకపోయింది అందుకే.

నాలుగోనాటి రాత్రి నల్లా వచ్చింది. ఒంటిగంట వేళ ఇంటిల్లిపాదీ లేచి బిందెలు పట్టాము. ఆ హడావిడిలో మా అమ్మ గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళి, సింహం గిన్నెలో అడుగున ఉన్న నీళ్ళు పారబోసి, కడిగి, మంచినీళ్ళు పోసి రావడం నేను కిటికీలోనుంచి చూచాను. ఆమె నన్ను చూడలేదు. నేనూ ఏమీ అనలేదు.

మా ఇంటి ఏర్పాటు

అప్పటినుంచి మా ఇంట్లో ఒక నియమం నిలిచింది. నోరున్న ప్రాణులన్నిటికీ ఒకే కుండ. వేళ్ళున్నవాటికి వేరే నీళ్ళు. పిచ్చుకల మూకుడు కూడా నోరున్నవాటి లెక్కలోకే వచ్చింది. ఆ తీర్పు చిన్నవాడిది. ఇటువంటి నేల మీద పిల్లలనూ, పెరటినీ, మూగజీవాలనూ పెంచుకునేవారికి ఉపయోగపడతాయని మేము పాటిస్తున్న నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటిది, మన బోరు సంగతి మనకు తెలియాలి. మా కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పే మిత్రుడు ఒక చిన్న పరికరం తెచ్చి మా నీళ్ళు పరీక్షించాడు. గులాబిరంగు మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడు ఉన్నకొద్దీ రంగు పసుపువైపు తిరుగుతుంది. మావి చామంతిపువ్వులా పచ్చబడ్డవి. హద్దుకు రెట్టింపు పైనే అన్నాడు. పక్కింటి బోరులో మాత్రం అంత లేదు. రాతిపగులు మారితే నీరు మారుతుంది. కనుక వీధిలో ఒకరిది బాగున్నదని అందరిదీ బాగున్నట్టు కాదు.

రెండోది, కాచితే పోతుందనే భ్రమ వదలాలి. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు చావదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. వంటకు వాడే నీళ్ళు కూడా తాగే నీళ్ళ లెక్కే. అన్నమూ పప్పూ ఎన్ని నీళ్ళు తాగుతాయో వండేవారికి తెలుసు. తల్లిపాలలో ఫ్లోరైడు బహు స్వల్పం; తల్లి తాగే నీళ్ళలో ఉన్నా బిడ్డకు అంతగా చేరదు. డబ్బాపాలు బోరు నీళ్ళలో కలిపితే మాత్రం నేరుగా పసికందుకే చేరుతుంది. టీ ఆకులో ఫ్లోరైడు సహజంగానే ఎక్కువ. పిల్లలకు టీ అలవాటు చెయ్యకపోతే మంచిది. పళ్ళు తోముకునే పేస్టు కూడా చిన్నపిల్లలు మింగకుండా చూడాలి.

మూడోది, తినే తిండి. ఒంట్లో సున్నం చాలినంత ఉంటే ఫ్లోరైడు దెబ్బ కొంత తగ్గుతుంది. పాలు, పెరుగు, రాగిజావ, మునగాకు పిల్లలకు తప్పక పెట్టాలి. ఉసిరి, జామ, నిమ్మ కూడా మేలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూచి, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతున్నదని 2002లో ప్రకటించారు. ఇది చదివి వినిపిస్తే మా అమ్మ, "మన పులుసుకు ఇప్పుడు సర్టిఫికెట్ వచ్చిందా?" అన్నది. పులుసు మంచిదే. అయితే మంచినీళ్ళకు బదులు కాదు.

నాలుగోది, పెరడు. చెట్లకు బోరు నీళ్ళు పెట్టినంత మాత్రాన భయపడి పెరికివెయ్యనక్కరలేదు. కాయగూరలలోకి చేరేది తాగే నీళ్ళతో పోలిస్తే తక్కువే. ఆకుకూరల్లో కొంచెం ఎక్కువ చేరుతుంది. అందుకని మేము ఆకుకూర మళ్ళకు బియ్యం, పప్పు కడిగిన మంచినీళ్ళూ, వాన నీళ్ళూ పోస్తాము. వాన నీటిలో ఫ్లోరైడు ఉండదనే చెప్పవచ్చు. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడితే 70,000 లీటర్లు. వృథా పోయేది తీసివేసినా 50,000 లీటర్లకు తక్కువ కాదు. మా కప్పు అంత పెద్దది కాదు. అయినా ఒక డ్రమ్ము పెట్టి, పొంగినదాన్ని బోరు పక్కన ఇంకుడుగుంతలోకి మళ్ళించాము. కిందనున్న పాత నీటిలో పైనుంచి కొత్త నీరు కలిస్తే, మెల్లగానైనా దాని ఘాటు తగ్గుతుంది. బోరు పైపు కొసకు నేను ఎర్రగుడ్డ కట్టాను. చదువురాని చిన్నవాడికి అదే అక్షరం. ఎర్రగుడ్డ ఉన్న నీళ్ళు చెట్టువి.

సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరిగిపోని రోజుల్లో ఒక పొద్దున్న చిన్నవాడు కేకలు పెడుతూ వచ్చాడు. అరచేతిలో బియ్యపుగింజంత పన్ను. సింహం పాలపన్ను. వాకిట్లో దొరికిందట. కుక్కపిల్లలకు ఆరేడు నెలలకే పాలపళ్ళు పోయి అసలు పళ్ళు వస్తాయి. ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చాము. అమ్మాయి సింహాన్ని ఒళ్ళో పట్టుకుని, అంగట్లో ఎద్దును కొనేవాడిలాగా పెదవి పైకెత్తి చూపింది. కొత్త పళ్ళు. మల్లెమొగ్గలవలె తెల్లగా ఉన్నవి.

అది కృష్ణ నీళ్ళ మహిమేనని నేను రుజువు చెయ్యలేను. మా వీధిలో ఏ గిన్నే లేని ఊరకుక్కల పళ్ళు నేను చూడలేదు. చూడనిచ్చే కుక్కలు కావవి. మా అమ్మ మాత్రం నడుము పట్టుకుని వంగి, మెడతో పాటు మనిషంతా అటు తిప్పి, చాలాసేపు చూచింది.

"ఎర్రోడికి కూడ ఇట్లనే చూడవలసి ఉండె" అన్నది.

చిన్నవాడు వెంటనే నోరు తెరిచి, "నాకూ చూడు నానమ్మా!" అన్నాడు. వాడివన్నీ ఇంకా పాలపళ్ళే. ఆమె వాటినీ అంతే శ్రద్ధగా చూచింది. ఆ నవ్వులాటలో మా ఆవిడ ఫోనుతో ఫోటో తీసింది. మా అమ్మ, ఇద్దరు పిల్లలు, నోరు తెరచిన సింహం. వెనక నేను. ఆ ఫోటో తరవాత చూచుకుంటే, నా పళ్ళు కనబడుతున్నవి.